తగిలిందా? తగిలించాడా?

2022 ఫిబ్రవరి 12, శనివారం రాత్రి. అబుదాబీలో మహమ్మద్ బిన్ జాయెద్ స్టేడియం. ఫిఫా క్లబ్ ప్రపంచ కప్పు ఫైనల్. ఒక పక్క లండన్ నించి వచ్చిన చెల్సీ, రెండో పక్క బ్రెజిల్ నించి వచ్చిన పాల్మీరాస్. దుబాయి నించి మేం నలుగురం ఒకే కార్లో పడి వెళ్ళాం: నేను, మా ఆఫీసులో టెస్టింగ్ చూసే మలయాళీ మిత్రుడు, ఇంకో ఇద్దరు తెలుగువాళ్ళు. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ మలయాళీ మిత్రుడు పెట్టిన భిక్షే. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని గుంటూరు బుర్రని ఏళ్ళ తరబడి ఓపిగ్గా మరమ్మతు చేశాడు.

54వ నిమిషంలో లుకాకు తలతో కొట్టి చెల్సీకి గోల్ తెచ్చాడు. పది నిమిషాలు తిరిగే లోపల, చెల్సీ పెనాల్టీ ఏరియాలో బంతి కోసం గాల్లోకి ఎగిరిన తియాగో సిల్వా చేతికి బంతి తగిలింది. రిఫరీ క్రిస్ బీత్ (ఆస్ట్రేలియా ఆయన) చెవి దగ్గర వేలు పెట్టుకుని ఏదో విన్నాడు, గీత పక్కన పెట్టిన టీవీ దగ్గరికి పరిగెత్తాడు, చూశాడు, వెనక్కొచ్చి పెనాల్టీ ఇచ్చాడు. 64వ నిమిషంలో వేగా స్కోరు సమం చేశాడు. ఆట అదనపు సమయానికి వెళ్ళింది. ఇహ పెనాల్టీ షూటౌటే అనుకుంటుండగా చెల్సీ కెప్టెన్ అస్పిలిక్వేటా కొట్టిన బంతి పాల్మీరాస్ డిఫెండర్ లువాన్ చేతికి తగిలింది. మళ్ళీ చెవి, మళ్ళీ టీవీ, మళ్ళీ పెనాల్టీ. 117వ నిమిషంలో హావర్ట్స్ గోల్ కొట్టాడు. చెల్సీ 2, పాల్మీరాస్ 1.

ఇందులో చిత్రమేమిటంటే, స్టేడియంలో కూర్చున్న మాకు అసలేం చూస్తున్నారో, ఎందుకు చూస్తున్నారో తెలీనే లేదు. దుబాయిలో సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్న మా ఆవిడ నించి వాట్సాప్‌లో మెసేజి వచ్చింది: “చేతికి తగిలిందిగా, పెనాల్టీయే”. మా ముందు వరసల్లో బ్రెజిల్ నించి ఎగిరొచ్చిన ఆకుపచ్చ చొక్కాల జనం. మెసేజి చదివి వాళ్ళ మొహాలు చూడలేకపోయాను.

తిరుగు ప్రయాణంలో కార్లో గంటసేపు పోట్లాట. “రెండుసార్లూ చేతికి తగిలింది. వీడియోలో కనపడుతోంది. ఇంకేం కావాలి?” అని మలయాళీ మిత్రుడు. టెస్టింగ్ మనిషి కదా, సాక్ష్యం ఉంటే చాలు. వెనక సీట్లోంచి మావాడొకడు తెలుగులో అన్నాడు: “తగిలింది సరే, వాడు తగిలించాడా?”

మలయాళీ మిత్రుడికి ఆ మాట ఇంగ్లీషులో చెప్పబోయాను. చెప్పడానికి మూడు వాక్యాలు పట్టింది. మన భాషలో ఒక్క ‘ఇంచు’ చేసే పని అది. నూట యాభై ఏళ్ళ పైబడి ఫుట్‌బాల్ పెద్దలు తేల్చుకోలేకపోతున్న గొడవంతా ఆ ‘ఇంచు’ లోనే ఉందని నా అనుమానం. ఆ అనుమానాన్ని కాస్త వివరంగా మీ ముందు పెడదామనే ఈ వ్యాసం.

గ్లాసు పగిలిందా, పగలగొట్టావా?

వంటింట్లో గాజుగ్లాసు ముక్కలై ఉంటుంది. పిల్లాడు “పగిలిందమ్మా” అంటాడు. అమ్మ “పగిలిందా, పగలగొట్టావా?” అంటుంది. ఇద్దరూ చెప్పేది ఒకే సంఘటన గురించి. కాని మొదటిది వార్త, రెండోది నేరారోపణ. ఇప్పుడు ఆ వంటింట్లో ఒక సీసీ కెమెరా పెట్టామనుకోండి. గ్లాసు పిల్లాడి చేతిలోంచే జారిందని కెమెరా స్పష్టంగా చూపిస్తుంది. “నేను ముట్టుకోనే లేదు” అని వాడు బొంకే అవకాశం పోతుంది. అంతవరకు మంచిదే. కాని జారిందో, వాడే జార్చాడో మాత్రం కెమెరా చెప్పదు. ఇంకా ఖరీదైన కెమెరా కొన్నా చెప్పదు. ఎందుకంటే ఆ జవాబు వాడి చేతిలో లేదు, మనసులో ఉంది.

ఫుట్‌బాల్ చరిత్రలో బొంకు కేసులకి కొదవ లేదు. 1986 జూన్ 22న మెక్సికోలో ఇంగ్లండు మీద మారడోనా చేత్తో కొట్టిన గోల్ అందరికీ తెలిసిందే. (అదే మారడోనా 2011–12లో దుబాయి అల్ వస్ల్ క్లబ్బుకి, తరవాత ఫుజైరా క్లబ్బుకి కోచ్‌గా ఉండి మన ఎమిరేట్స్ ఎండ కూడా అనుభవించాడు.) 2009 నవంబరులో ఐర్లండు మీద థియరీ ఆన్రీ చేత్తో బంతిని అదుపు చేసి గోల్ చేయించాడు. ఈ రెంటికీ వీడియో ఉంటే చిటికెలో తేలిపోయేది. వీడియో రిఫరీ కావాలని జనం గోల పెట్టింది ఇలాంటి వాటిని చూసే. తీరా అది వచ్చాక ఎక్కువ భాగం వెచ్చిస్తున్నది ఇలాంటి వాటి మీద కాదు. జారిందా, జార్చాడా అన్న వాటి మీద.

ముందు యంత్రం సంగతి

వీడియో అసిస్టెంట్ రిఫరీని అందరూ ముద్దుగా ‘వార్’ అంటారు. పేరుకి తగ్గట్టే ఎక్కడికి వెళ్తే అక్కడ యుద్ధం. ఫుట్‌బాల్ నియమాలు రాసేది 1886లో పుట్టిన ఒక చిన్న బోర్డు. దానిలో ఫిఫాకి నాలుగు ఓట్లు, ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండు సంఘాలకి తలా ఒకటి. ఏదైనా మారాలంటే ఎనిమిదిలో ఆరు ఓట్లు కావాలి. ఆ బోర్డు 2016 మార్చిలో వార్ ప్రయోగాలకి ఒప్పుకుంది, 2018 మార్చిలో నియమావళిలో చేర్చింది.

పని చేసే తీరు ఇది. మైదానానికి దూరంగా ఒక గదిలో వీడియో రిఫరీ, ఆయన సహాయకులు, రీప్లేలు తిప్పే ఆపరేటరు కూర్చుంటారు. ప్రసారంలో వాడే కెమెరాలన్నీ వాళ్ళకి అందుబాటులో ఉంటాయి. నియమావళిలో చేరినప్పుడు వాళ్ళు కలగజేసుకోదగ్గ సందర్భాలు నాలుగే: గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే ఎర్రకార్డు, ఒకడికి ఇవ్వాల్సిన కార్డు ఇంకొకడికి ఇవ్వడం. అది కూడా మైదానంలో రిఫరీ చేసింది ‘స్పష్టంగా కనపడే పొరపాటు’ అయితేనే. లేకపోతే నోరు మూసుకోవాలి.

మనలాంటి వాళ్ళకి ఆసక్తి కలిగించే ముక్క ఇక్కడుంది. వాళ్ళు నిర్ణయాలని రెండు రకాలుగా విడగొట్టారు. బంతి గీత దాటిందా, ఆటగాడు ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడా, తప్పు బాక్సు లోపల జరిగిందా బయట జరిగిందా: ఇవి నిజానిజాల ప్రశ్నలు. వీటికి గదిలోంచి వచ్చిన మాట చాలు. రెండో రకం, అభిప్రాయం మీద నిలిచేవి. వీటికి రిఫరీ స్వయంగా టీవీ దగ్గరికి వెళ్ళి చూసుకోవాలి.

మొదటి రకానికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2017 డిసెంబరు 13న అబుదాబీ జాయెద్ స్పోర్ట్స్ సిటీలో క్లబ్ ప్రపంచ కప్పు సెమీఫైనల్. ఆతిథ్య జట్టు అల్ జజీరా సాక్షాత్తూ రియల్ మాడ్రిడ్ మీద 1–0 ఆధిక్యంలో ఉంది. రెండో సగం మొదట్లోనే బుసూఫా రెండో గోల్ కూడా కొట్టాడు. స్టేడియం ఊగిపోయింది. వీడియో చూసి ఆఫ్‌సైడ్ అన్నారు. చివరికి రియల్ 2–1తో గెలిచింది. ఊళ్ళోవాళ్ళకి గుండె కోతే, కాని వాదన లేదు. గీతకి అటో ఇటో, అంతే. బాధ వేరు, అన్యాయం వేరు.

హ్యాండ్ బాల్‌లో బాధ, అన్యాయం రెండూ కలిసిపోతాయి.

యోషిదా చెయ్యి

2019 జనవరిలో ఆసియా కప్పు ఎమిరేట్స్‌లోనే జరిగింది. మన ఇండియా కూడా ఆడింది. జనవరి 6న అబుదాబీలో థాయ్‌లండు మీద 4–1తో గెలిచిన మ్యాచిలో మొదటి గోల్ సునీల్ ఛెత్రీ పెనాల్టీ. ఆ పెనాల్టీ వచ్చింది ఒక థాయ్ డిఫెండరు చేతికి బంతి తగలడం వల్లే. అప్పటికి ఆ టోర్నమెంటులో వీడియో లేదు. రిఫరీ చూశాడు, విజిల్ వేశాడు, ఆట సాగింది.

వార్ మొదలైంది క్వార్టర్ ఫైనల్స్ నించి. అక్కడి నించి జపాన్ కథ వినండి.

జనవరి 24, దుబాయి అల్ మక్తూమ్ స్టేడియం. జపాన్, వియత్నాం. జపాన్ కెప్టెన్ మాయా యోషిదా తలతో గోల్ కొట్టాడు. సంబరాలు కూడా అయ్యాయి. వీడియో తిప్పి చూస్తే బంతి తలకి తగిలాక అతని చేతికి కూడా తగిలింది. గోల్ రద్దు. ఆసియా కప్పు చరిత్రలో వార్ మార్చిన మొదటి నిర్ణయం అదే. రెండో సగంలో అదే వార్ పుణ్యమా అని జపాన్‌కి ఒక పెనాల్టీ వచ్చింది, 1–0తో గట్టెక్కింది.

జనవరి 28, అల్ ఐన్. సెమీఫైనల్లో ఇరాన్. డిఫెండరు పూర్‌అలీగంజీ చేతికి బంతి తగిలిందని జపాన్‌కి పెనాల్టీ. వీడియో కూడా చూసి ఖాయం చేశారు. 3–0.

ఫిబ్రవరి 1, శుక్రవారం, అబుదాబీ. ఫైనల్లో కతార్. జపాన్ 1–2తో వెనకబడి, సమం చేయడానికి ఒత్తిడి పెంచుతున్న వేళ. కతార్ కార్నర్ నించి వచ్చిన బంతిని వాళ్ళ ఆటగాడు తలతో కొడితే అది ఎగిరి ఉన్న యోషిదా చేతికి తగిలింది. రిఫరీ ఇర్మాతోవ్ టీవీ దగ్గరికి వెళ్ళొచ్చి పెనాల్టీ ఇచ్చాడు. 83వ నిమిషంలో అక్రమ్ అఫీఫ్ గోల్. 3–1, కప్పు కతార్‌కి.

తొమ్మిది రోజుల్లో మూడు మ్యాచ్‌లు, మూడు చేతులు. అందులో రెండు ఒకే మనిషివి. చూడండి, ఆ రోజుల్లో అమల్లో ఉన్న నియమం ప్రకారం హ్యాండ్ బాల్ అంటే ‘ఉద్దేశపూర్వకంగా’ చేతితో బంతిని తాకడం. మొదటి మ్యాచిలో యోషిదా తల తరవాత చేతికి తగలాలని ఉద్దేశపడ్డాడా? ఫైనల్లో గాల్లో ఉన్నప్పుడు పడ్డాడా? తగిలిందని కెమెరా మూడుసార్లూ ఖాయంగా చెప్పింది. తగిలించాడని మనుషులు చెప్పారు. కాని టీవీలో మనం చూసింది కెమెరానే కాబట్టి, రెండూ కెమెరాయే చెప్పినట్టు అనిపిస్తుంది. అసలు చిరాకు పుట్టేది ఇక్కడే.

ఒక చిన్న లెక్క

సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి అంకెలతో చూద్దాం. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బంతి సెకనుకి సుమారు 27.8 మీటర్లు కదులుతుంది. సెకనుకి 50 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకీ తరవాతి ఫ్రేముకీ మధ్య 20 మిల్లీసెకన్లు. ఆ లోపల బంతి 55 సెంటీమీటర్లు వెళ్ళిపోతుంది. అంటే మూర పైన దూరం మన కంట పడకుండా జారుకుంటోందన్నమాట. సెకనుకి 500 సార్లు కొలిచే సెన్సారు పెడితే ఆ దూరం అయిదున్నర సెంటీమీటర్లకి తగ్గుతుంది. ‘తగిలిందా’ అన్న ప్రశ్నకి ఇది పెద్ద మెరుగుదల. ఒప్పుకోవాల్సిందే.

ఇప్పుడు ఆటగాడి వైపు నించి చూడండి. బంతి నాలుగు మీటర్ల దూరం నించి కొట్టారు. అది అతన్ని చేరడానికి పట్టేది 0.14 సెకను. కంటితో చూసి ఒంటిని కదపడానికి మనిషికి తక్కువలో తక్కువ 0.2 సెకను కావాలి. అంటే అతని మెదడుకి వార్త అందేసరికి బంతి చేతికి తగిలి పోయింది. చెయ్యి తీసేసే అవకాశం లేదు, అడ్డం పెట్టే అవకాశమూ లేదు. ముందే అక్కడ పెట్టి ఉంచాడా అన్నదొక్కటే మిగిలిన ప్రశ్న.

అదే సంఘటనని నాలుగో వంతు వేగంతో రీప్లే చేస్తే 0.14 కాస్తా అర సెకను దాటుతుంది. “ఇంత టైముందిగా, చెయ్యి తీసుకోవచ్చుగా” అని సోఫాలోంచి అనబుద్ధేస్తుంది. ఇది నా ఊహ కాదు. 2016లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఒక దోపిడీలో జరిగిన కాల్పుల వీడియోనీ, అమెరికన్ ఫుట్‌బాల్‌లో గుద్దుకున్న వీడియోనీ కొందరికి మామూలు వేగంతో, కొందరికి నెమ్మదిగా చూపించారు. నెమ్మదిగా చూసినవాళ్ళకి అది కావాలని చేసిన పనిగా ఎక్కువ అనిపించింది. చేసినవాడికి ఆలోచించుకునే సమయం ఉన్నట్టు భ్రమ కలగడమే కారణం.

నియమాల బోర్డుకి ఇది తెలియక కాదు. వార్ పద్ధతిలోనే స్పష్టంగా రాసుకున్నారు: చేతికి ఎక్కడ తగిలిందో చూడ్డానికి నెమ్మది వీడియో వాడండి, అది తప్పా కాదా తేల్చడానికి మామూలు వేగంలో చూడండి అని. తగిలిందా అన్నది ఒక వేగంలో, తగిలించాడా అన్నది ఇంకో వేగంలో! ఇంతకన్నా ముచ్చటగా ఎవరూ చెప్పలేరు. కాని నెమ్మదిగా పదిసార్లు చూశాక, ఆ చూసింది మర్చిపోయి మామూలు వేగంలో తీర్పు చెప్పమనడం, విన్న సాక్ష్యాన్ని విననట్టు అనుకోమని చెప్పడం లాంటిదే.

పాచ్ మీద పాచ్

వీడియో వచ్చాక బోర్డు పెద్దలకి ఒక సంగతి అర్థమయింది. ‘ఉద్దేశం’ అన్న మాట టీవీలో కనపడదు. కనపడనిదాన్ని కనపడే మాటలతో తిరగరాస్తే సరిపోతుంది కదా అనుకున్నారు. క్లయింటు అడిగింది కొలవలేకపోతే, కొలవగలిగిందే క్లయింటు అడిగాడని స్పెసిఫికేషన్ మార్చేసే ప్రాజెక్టు మేనేజరుని మీరెప్పుడైనా చూశారా? అదే పని.

2019 మార్చిలో స్కాట్లండులోని అబర్డీన్‌లో కొత్త వెర్షన్ విడుదలైంది. జూన్ 1 నించి అమలు. గోల్ కొట్టే ముందు చేతికి తగిలితే, పొరపాటున తగిలినా సరే, గోల్ లేదు. రక్షణలో ఉన్నవాడి చెయ్యి ‘శరీరాన్ని అసహజంగా పెద్దది’ చేస్తే తప్పు. భుజం ఎత్తు దాటి ఉంటే మామూలుగా తప్పే. (దుబాయి వచ్చిన పదేళ్ళలో నా శరీరం కూడా బాగా పెద్దదయింది. కాని అది సహజంగా అయింది కాబట్టి నియమం వర్తించదు.)

మరుసటేడు భుజం ఎక్కడ ఆగి చెయ్యి ఎక్కడ మొదలవుతుందో చెప్పాల్సి వచ్చింది. చంక కింది అంచు దగ్గర గీత గీశారు. దాని పైన తగిలితే భుజం, కింద తగిలితే చెయ్యి. మనుషుల బొమ్మకి రంగులు వేసి మరీ చూపించారు.

దీనివల్ల ఎంత వింత జరిగిందో ఒక్క ఉదాహరణ చాలు. 2021 మార్చి 4న లండన్‌లో టోటెన్‌హామ్ మీద ఫుల్‌హామ్ స్కోరు సమం చేసింది. అంతకు ముందు టోటెన్‌హామ్ డిఫెండరే బలంగా తన్నిన బంతి, దగ్గర్లో ఉన్న ఫుల్‌హామ్ ఆటగాడు లెమీనా చేతికి తగిలి, అతని సహచరుడి దగ్గరికి వెళ్ళింది. అతను గోల్ కొట్టాడు. పాపం లెమీనా చెయ్యి ఒంటికి అంటుకునే ఉంది. అయినా గోల్ రద్దు. నియమం అక్షరాలా అమలయింది, ఎవరికీ న్యాయంగా అనిపించలేదు. సరిగ్గా ఆ మర్నాడు, మార్చి 5న, బోర్డు సమావేశమై ఆ నియమాన్నే మార్చేసింది! సహచరుడికి పొరపాటున తగిలితే ఇక తప్పు కాదు. చేతికి తగిలిన ప్రతిసారీ తప్పు కాదు. చెయ్యి ఉన్న తీరు ఆ ఆటగాడి కదలికకి సహజమైనదా కాదా అన్నది రిఫరీయే ఆలోచించి తేల్చుకోవాలి. అంటే రెండేళ్ళు చుట్టూ తిరిగి మళ్ళీ మనిషి బుర్ర దగ్గరికే వచ్చారన్నమాట.

అబుదాబీ ఫైనల్లో సిల్వాకీ, లువాన్‌కీ వర్తించింది ఈ 2021 వెర్షనే. చేతులు ఊపకుండా ఎగరడం ఎవరికైనా సాధ్యమా? కాదు. అలాగని చేతులు పైకెత్తి బాక్సులో ఎగిరితే ప్రమాదం తెచ్చుకున్నట్టే కదా? అదీ నిజమే. బీత్ తప్పు చేశాడని నేననడం లేదు. ఆయన ఒప్పు చేశాడని టీవీ రుజువు చేసిందంటే మాత్రం ఒప్పుకోను.

క్రికెట్ వాళ్ళు చేసిన తెలివైన పని

“మన క్రికెట్‌లో రివ్యూ బాగానే నడుస్తోందిగా?” అని మీరడగొచ్చు. క్రికెట్ అంతర్జాతీయ మండలి ఆఫీసు 2005 నించి దుబాయిలోనే ఉంది కాబట్టి ఇది మాకు పక్కింటి సంగతే. 1992లో డర్బన్‌లో టీవీ రీప్లే చూసి మొట్టమొదట రనౌట్ ఇచ్చింది మన టెండూల్కర్‌కే. రనౌట్ గీత ప్రశ్న. స్నికో బ్యాటు అంచు ప్రశ్న. రెండూ ‘తగిలిందా, దాటిందా’ తరహా. ఎల్బీడబ్ల్యూలో బంతి ఎటు వెళ్ళేదన్నది అంచనా. అక్కడ వాళ్ళు ఏం చేశారంటే, అంచనా అంచుల్లో ఉంటే “యంత్రానికి ఖాయంగా తెలీదు, అంపైరు మాటే నిలుస్తుంది” అని తెర మీద అందరికీ చూపించారు. ‘అంపైర్స్ కాల్’ని ఎంత తిట్టుకున్నా, యంత్రం తన హద్దు తాను ఒప్పుకుంటుంది. ఫుట్‌బాల్‌లో ‘స్పష్టమైన పొరపాటు’ అనే మాట ఉంది గాని, దానికి హద్దు ఎక్కడుందో ఎవరూ గీసి చూపించలేదు.

యంత్రం ఎంత పెరిగినా ఈ చిక్కు ఎలా మిగిలిపోయిందో 2024 యూరో కప్పులో తేటతెల్లమయింది. బంతి లోపల సెకనుకి 500 సార్లు కొలిచే సెన్సారు. జూన్ 17న బెల్జియం, స్లొవేకియా మ్యాచిలో లుకాకు గోల్ కొట్టాడు. అంతకు ముందు ఒపెండా చేతికి బంతి తగిలిందని తెర మీద అచ్చం స్నికో లాంటి గ్రాఫు చూపించి గోల్ రద్దు చేశారు. జూన్ 29న డెన్మార్కు డిఫెండరు ఆండర్సన్ వేళ్ళకి తగిలీ తగలనట్టు తగిలిన బంతికి అదే గ్రాఫుతో జర్మనీకి పెనాల్టీ. గోల్ కొట్టింది, మన అబుదాబీ హావర్ట్సే. వారం తిరక్కుండా, జూలై 5న, స్పెయిన్ డిఫెండరు కుకురెయా చేతికి జర్మనీ కొట్టిన బంతి టప్‌మని తగిలింది. ఏ గ్రాఫూ అక్కర్లేదు, ప్రపంచమంతా చూసింది. పెనాల్టీ లేదు. జర్మనీ ఓడి ఇంటికెళ్ళింది. ఆ సెప్టెంబరులో యూరప్ రిఫరీల కమిటీ, అది పెనాల్టీ ఇవ్వాల్సిందేనని తేల్చింది.

ఒకే టోర్నమెంటు, ఒకే సెన్సారు. వేలి కొసకి తగిలింది పెనాల్టీ, చేతికి బాహాటంగా తగిలింది కాదు. సెన్సారు రెండుసార్లూ నిజమే చెప్పింది. దాన్ని అడిగిన ప్రశ్న వేరు, మనకి కావలసిన జవాబు వేరు. లాగ్ లెవెల్ పెంచుకుంటూ పోతే బగ్ ఎక్కడుందో తెలుస్తుంది. అది బగ్గో కాదో మాత్రం స్పెసిఫికేషనే చెప్పాలి.

మరి మందేమిటి?

నాకు తోచినంతలో చిక్కంతా శిక్షలో ఉంది. పెనాల్టీ అంటే నాలుగింట మూడొంతులు గోల్ అయినట్టే. బాక్సు మూలలో, గోల్‌కి దూరంగా, ఎటో పోతున్న బంతి చేతికి తగిలినా అదే శిక్ష. గోల్‌లోకి పోతున్న బంతిని గోలీలాగా చేత్తో ఆపినా అదే శిక్ష. సందేహం ఎంత ఉన్నా తీర్పు మాత్రం పూర్తిగా ఇటో, పూర్తిగా అటో. అందుకే అంత కోపం.

నియమావళిలో ‘ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్’ అని ఒక చిన్న శిక్ష ఎప్పటి నించో ఉంది. సహచరుడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోలీ చేత్తో పట్టుకుంటే బాక్సు లోపలే ఇచ్చేది అదే. తగిలితే ఆ శిక్ష, తగిలిస్తే పెనాల్టీ అని విడగొడితే సగం కొట్లాట తగ్గుతుంది. ఇది నా ఒక్కడి మాటేం కాదు, చాలామంది అంటున్నదే. బోర్డు కూడా మెల్లిగా అటు అడుగు వేసినట్టే ఉంది: కావాలని కాకుండా చేతికి తగిలి, ఖాయమైన గోల్ అవకాశం పోయి పెనాల్టీ ఇస్తే, ఎర్రకార్డు బదులు పసుపు కార్డు చాలని 2024లో మార్చారు. శిక్షలో తేడా చూపించడం మొదలైంది. పెనాల్టీ దాకా ఎప్పుడొస్తుందో చూడాలి.

రెండోది, చెప్పడం. 2023 ఫిబ్రవరిలో మొరాకోలో జరిగిన క్లబ్ ప్రపంచ కప్పులో, వీడియో చూశాక రిఫరీ తన నిర్ణయాన్ని మైకులో స్టేడియం అంతటికీ చెప్పే పద్ధతి మొదలెట్టారు. సరిగ్గా మేం అబుదాబీలో తెల్లమొహాలు వేసుక్కూచున్న ఏడాదికి. చెప్పినంత మాత్రాన తీర్పు మారదు. కాని టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నవాడు సోఫాలో ఉన్నవాడి మెసేజి మీద ఆధారపడనక్కర్లేదు.

మా గ్రౌండులో

చివరిగా సొంత గోడు ఒకటి. శనివారం పొద్దున్నే ఎండ ముదరకముందు మా బిల్డింగుల తెలుగు పిల్లలు దగ్గర్లో ఒక గ్రౌండులో ఆడుకుంటారు. విజిల్ నాకే ఇచ్చారు. అబుదాబీ ఫైనల్ చూసొచ్చిన వేడి మీద ఉన్నాను. ఒక రోజు పదేళ్ళ కుర్రాడి చేతికి బంతి తగిలిందని అవతలి జట్టు అరిచింది. నేను చూడలేదు. పక్కనున్న ఒక తండ్రి ఫోనులో తీసిన వీడియో చూపించాడు. నెమ్మదిగా తిప్పి చూశాం. తగిలింది. ఠీవిగా గాల్లో టీవీ బొమ్మ గీసి పెనాల్టీ ఇచ్చాను.

ఆ కుర్రాడు నా దగ్గరికొచ్చి, “అంకుల్, నేను కొట్టలేదు. అదే వచ్చి టచ్ అయింది” అన్నాడు. వీడియో చూపించాను. “అవును అంకుల్, అదే వచ్చింది కదా” అన్నాడు మళ్ళీ, అందులో కూడా అదే కనపడుతోందన్నట్టు. నిజంగానే అదే కనపడుతోంది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. రెండు వారాలు ఆటకి రాలేదు. మూడో వారం నేనే వాళ్ళింటికెళ్ళి పిలుచుకొచ్చాను.

అప్పటి నించి మా గ్రౌండులో ఫోన్లు జేబుల్లోనే ఉంటాయి. ఎవరి చేతికి తగిలితే వాడినే పిలిచి, “తగిలిందా, తగిలించావా?” అని తెలుగులో అడుగుతాను. మొదట్లో పిల్లలకి ఆ రెండు మాటలకీ తేడా చెప్పాల్సొచ్చింది. ‘టచ్ అయింది’తో పెరిగిన పిల్లలు కదా. తగిలిందంటే బాక్సు బయటి నించి ఫ్రీకిక్, తగిలించానంటే పెనాల్టీ. పిల్లలు అబద్ధమాడరా అంటారేమో, ఆడతారు. అనుకున్నంతగా ఆడరు.

మొన్న మా వాడి వంతు వచ్చింది. నేనడిగేదాకా ఆగి, ఒక్క క్షణం కాళ్ళకేసి చూసుకుని, “తగిలించాను నాన్నా” అన్నాడు. పెనాల్టీ ఇచ్చాను. గోల్ అయింది. వాళ్ళ జట్టు ఓడిపోయింది. ఇంటికొచ్చేదాకా కార్లో వాడు నాతో మాట్లాడలేదు.